చివరి ట్రై ఎవరిది?

పొద్దుటి నుంచి ఆమె బూట్ల లేసులు విప్పి మళ్ళీ కట్టుకోవడం అది ఆరోసారి. మైదానంలోకి దిగేవాళ్ళు కూడా అన్నిసార్లు కట్టుకోలేదు. దిగే యోగం ఆమెకు లేదు. ఒక్కో దేశానికి పన్నెండు పేర్లే కాగితం మీద రాయనిస్తారు. ఏడుగురు మైదానంలో, అయిదుగురు బల్ల మీద. ఆమె పదమూడో మనిషి. పన్నెండుగురిలో ఎవరికైనా దెబ్బ తగిలి, డాక్టరు సంతకం పెడితే తప్ప ఆమె పేరు ఆ కాగితం ఎక్కదు.

ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉన్నా జట్టులో అందరూ ఆమెను పదమూడు అనే పిలిచేవాళ్ళు. పందొమ్మిదేళ్ళు. నోట్లో నాలుక లేని పిల్ల. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయాక గానీ వాళ్ళకు చెప్పాల్సిన మాట ఆమెకు గుర్తొచ్చేది కాదు. అలాంటి పిల్లకి కోచ్ మేడమ్ మాటలు చెప్పే పనే అప్పగించింది.

ఎందుకంటే ఆ మైదానంలో స్కోరు బోర్డు ఒకటే ఉంది, అదీ ఎండకు ఎదురుగా. ఆడేవాళ్ళకి దాని మీద అంకెలు కనపడవు. అందుకని నీళ్ళ సీసాలతో పదమూడు లోపలికి పరుగెత్తినప్పుడల్లా నాలుగు సంగతులు చెప్పి రావాలి. ఎన్నో సగం, ఎన్ని నిమిషాలున్నాయి, పాయింట్లు ఎంతెంత, చివరి ట్రై ఎవరిది. చివరిది మరీ ముఖ్యం. ఏడుగురి రగ్బీలో ట్రై చేసిన, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించిన జట్టే మళ్ళీ బంతిని తన్ని ఆట మొదలుపెట్టాలి. ఊపిరాడని పరుగులో ఆ సంగతి మరిచిపోయి దిక్కులు చూసిన రోజులు ఈ జట్టుకి చాలానే ఉన్నాయి. పదమూడు తలెత్తకుండా, ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసి వచ్చేసేది. అందరికంటే భారీగా ఉండే అమ్మాయి ఒకతె, లారీ అని పిలుస్తారు, ఆమెను చూడగానే "ఎక్కాల పుస్తకం వచ్చింది, తాగండి" అనేది.

రెండు రోజుల టోర్నమెంటు. చుట్టుపక్కల ఎనిమిది దేశాల జట్లు. మ్యాచ్ అంటే ఏడేసి నిమిషాల రెండు సగాలు, మొత్తం పద్నాలుగు నిమిషాలు. ఆ పద్నాలుగు నిమిషాలకీ పద్నాలుగు నిమిషాలకీ మధ్య మూడేసి గంటలు ఎదురుచూపు. ఆ ఎదురుచూపే ఆమెను తినేసేది. పడుకుంటే కాళ్ళు పడుకోనిచ్చేవి కావు. లేస్తే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. మెట్ల కింద నుంచి మైదానం దాకా, మైదానం నుంచి మెట్ల కిందికి కాలు కాలిన పిల్లిలా తిరిగేది.

మొదటి రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వీధిలో సగం మంది ఆమె షాపులోనే కూర్చుని ఫోన్‌లో మ్యాచ్‌లు చూశారట.

"నువ్వు నాలుగుసార్లు కనపడ్డావు. నీళ్ళు బాగా ఇచ్చావు, అందరికీ అందేట్టు," అంది అమ్మ. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకుంటోంది. "మీ మామయ్య అడుగుతున్నాడు, ఆ పిల్లలందరికంటే మన పిల్లే జోరుగా పరుగెత్తుతోంది, మరి బంతి ఎందుకివ్వరు అని."

ఆమె సిగ్నల్ సరిగా లేదంది.

రెండో రోజు పొద్దున నీలం జెర్సీల జట్టుతో మ్యాచ్. గెలిస్తే సెమీఫైనల్. నీలంవాళ్ళకి అది ముందు రోజే ఖాయమైపోయింది. పదేళ్ళుగా ఈ జట్టు సెమీఫైనల్ మొహం చూడలేదు. ఆ పదేళ్ళూ జట్టులో ఉన్నది కెప్టెనక్క ఒక్కతే. ఆవిడ సిటీ బస్సులో కండక్టరు. ముప్పై రెండేళ్ళు, ఆరేళ్ళ కూతురు. మైదానంలోనూ ఆవిడది బస్సు గొంతే. "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని ఒక్క కేక వేస్తే ఏడుగురూ తాడు పట్టి లాగినట్టు ఒకే వరసలో ముందుకొచ్చేవాళ్ళు. ఇదే ఆఖరి టోర్నమెంటని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. ఎంపికలప్పుడు పదమూడును వద్దన్నవాళ్ళే ఎక్కువ. "నోరు లేకపోతే ఏం, కాళ్ళున్నాయిగా. నాతో రానివ్వండి" అని పట్టుబట్టి తీసుకొచ్చింది ఆవిడే.

స్కోరు ఏడు, ఏడు దగ్గర నిలిచిపోయి ఉంది. రెండో సగంలో ఎడమ అంచున కెప్టెనక్క చేతికి బంతి దొరికింది. ఒకమ్మాయిని పక్కకి వంగి తప్పించింది, రెండోదాన్ని అరచేత్తో తోసేసింది, మూలన జెండా కర్రను రాసుకుంటూ గీత దాటి బంతిని నేలకు ఆనించింది. ట్రై. అయిదు పాయింట్లు. పన్నెండు, ఏడు. మళ్ళీ బంతిని తన్నింది మనవాళ్ళే. బంతిని పట్టుకున్న నీలం అమ్మాయిని ఆపబోయి కెప్టెనక్క కిందికి దూకింది. ఆ అమ్మాయి మోకాలు వచ్చి కెప్టెనక్క చెవి పైన తగిలింది. ఆ చప్పుడు గీత బయట నిలబడ్డ పదమూడుకి వినిపించింది.

ఆట ఆగింది. సీసాలతో పదమూడు పరుగెత్తింది. ఆమె చేరేసరికి కెప్టెనక్క లేచి కూర్చుని గడ్డి వైపు చూస్తోంది. సీసా అందుకుంది, తాగలేదు.

"చివరి ట్రై ఎవరిదే?" అంది మెల్లగా.

పదమూడు ఆలోచించలేదు. అది ఆమె పని. "రెండో సగం. మూడు నిమిషాలున్నాయి. పన్నెండు, ఏడు, మనదే పైచేయి. చివరి ట్రై నీదే అక్కా."

అప్పుడే టోర్నమెంటు డాక్టరమ్మ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. తలకు దెబ్బ తగిలినవాళ్ళని అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇది ఎన్నో సగం? ఎవరు ముందున్నారు? చివరి ట్రై ఎవరిది? కెప్టెనక్క అన్నింటికీ టికెట్లు చింపి ఇచ్చినట్టు టకటకా జవాబు చెప్పింది. డాక్టరమ్మ కళ్ళలోకి లైటు వేసి చూసి, తలూపి, పక్కకు జరిగింది. మిగిలిన మూడు నిమిషాలూ కెప్టెనక్క ఆడింది. జట్టు గెలిచింది. అందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. లారీ కోచ్ మేడమ్‌ని గోధుమ బస్తాలా ఎత్తి తిప్పింది.

ఖాళీ సీసాలు ఏరుకుంటున్న పదమూడు చటుక్కున ఆగిపోయింది. అక్క ఆ ప్రశ్న ఎందుకడిగింది? నిమిషాలు అడిగితే అర్థముంది, పాయింట్లు అడిగినా అర్థముంది. తాము చేసిన ట్రై సంగతి ఎవరైనా ఇంకొకరిని అడిగి తెలుసుకుంటారా?

గోల వల్లేమో అనుకుంది. ఊపిరాడకేమో అనుకుంది. సీసాలు లెక్కపెడితే రెండుసార్లు రెండు లెక్కలొచ్చాయి.

జట్టుకిచ్చిన గది మెట్ల కింద ఉంది. పైన జనం నడుస్తుంటే ఎత్తు తక్కువ కప్పు దడదడలాడుతుంది. సెమీఫైనల్ ఒంటి గంటకి. అమ్మాయిలు నేల మీద చాపలు పరుచుకుని, కాళ్ళు గోడకి ఆనించి పడుకున్నారు. గుడ్ల పెంకులు, తడి తువ్వాళ్ళు, నొప్పి మందు వాసన. కెప్టెనక్క మూలన కూర్చుని ట్యూబులైటు ఆర్పేయమంది. ఉడికిన గుడ్డు చేతిలో పెట్టుకుని ఒలవకుండా అలాగే ఉంది. ఇంటి నుంచి కూతురు ఫోన్ చేస్తే మోగనిచ్చింది. కూతురి ఫోన్ అంటే రిఫరీనైనా ఆగమనే మనిషి.

పదమూడు ఇవన్నీ చూసింది. చూసి, దెబ్బ తగిలిన మనిషి గురించి ముందు ఆలోచించాలి గదా, ఆమె కాళ్ళు మాత్రం వేరే లెక్క వేశాయి. అక్క ఆడకపోతే పన్నెండులో ఒక చోటు ఖాళీ. ఆ చోటు తనది. ఆ ఆలోచన రాగానే పిక్కల్లో సంతోషం పాకింది. తన కాళ్ళ మీద తనకే అసహ్యం వేసి లేచి బయటికొచ్చింది.

నల్లాల దగ్గర లారీ మొహం కడుక్కుంటోంది. పదమూడు నీళ్ళు నమిలి నమిలి మొత్తానికి చెప్పింది. అక్కకి ట్రై గుర్తులేనట్టుంది, తను చెప్పిన జవాబులే డాక్టరమ్మకి చెప్పిందేమో అని. లారీ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ విన్నది.

"నీకు ఆడాలనుంది కదూ?" అంది చివరికి. గొంతులో కోపం లేదు, అదే ఇంకా నొప్పి. "తప్పులేదులే, అందరికీ ఉంటుంది. కానీ ఈ దారిలో కాదే. ఆవిడ లేకపోతే నువ్వు ఇక్కడిదాకా వచ్చేదానివా?"

ఆడాలని ఉంది. అబద్ధం కాదు. ఆ కోరిక ఉన్నప్పుడు తను చెప్పేదంతా అందుకోసమే అని లారీ అనుకుంటే ఏమని ఎదురు చెప్పగలదు? మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కోచ్ మేడమ్ గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఆ తలుపు ముందున్న కాపలా మనిషి, ఏమ్మా, దారి తప్పావా అని అడిగాడు. లేదని తలూపి, దారి తప్పినట్టే వెళ్ళిపోయింది.

గదిలో చీకట్లో కెప్టెనక్క ఒక్కతే మేలుకుని ఉంది. పదమూడు పక్కన గొంతుకూర్చుంది.

"అక్కా, పొద్దున ట్రై ఎలా చేశావు?"

"నువ్వు చెప్పావుగా, నాదేనని."

"ఎవరిదని కాదు. ఎలా చేశావు? ఎటు నుంచి?"

కెప్టెనక్క తువ్వాలు కళ్ళ మీదికి లాక్కుంది. పైన ఎవరో మెట్ల మీద పరుగెత్తారు.

"కుడి పక్క నుంచి," అంది.

నిజానికి ఎడమ పక్క నుంచి. పదమూడు నోరు విప్పలేదు. ఆ మౌనం కెప్టెనక్కకి అర్థమైంది. చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. బస్సులో కుదుపుకి కమ్మీ పట్టుకున్నంత గట్టిగా.

"పద్నాలుగు నిమిషాలే," అంది. "పదేళ్ళు తిరిగాను ఈ పద్నాలుగు నిమిషాల కోసం. తర్వాత ఎన్నాళ్ళు పడుకోమంటే అన్నాళ్ళు పడుకుంటా. నీకు దండం పెడతా, ఎవరికీ చెప్పకు."

"మళ్ళీ అక్కడే తగిలితే?"

"తగలదు."

"మీ పాప—"

"పాప ఊసెత్తకు," అంది కెప్టెనక్క, చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది.

ఈసారి పదమూడు కోచ్ మేడమ్ తలుపు దగ్గర ఆగలేదు. ఆగితే మళ్ళీ వెనక్కే వస్తానని తెలుసు. కోచ్ మేడమ్ బల్ల ముందు కూర్చుని సెమీఫైనల్ కాగితం నింపుతోంది. ఆవిడ ఒకప్పుడు బడిలో డ్రిల్ టీచరు. ఇప్పటికీ కలం మూత పళ్ళతో తీసేది.

దారిలో కూడబలుక్కున్నదంతా పోయి, పదమూడు నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకు ఆడాలని లేదు మేడమ్."

కోచ్ మేడమ్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నిన్నెవరు ఆడమన్నారు?"

"ఎవరూ అనలేదు. అనొద్దని."

"కడుపులో నొప్పా?"

"కాదు మేడమ్." పదమూడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, అప్పజెప్పేటప్పుడు నిలబడే తీరులో నిలబడింది. అలాగైతేనే ఆమెకు మాట వచ్చేది. "పొద్దున డాక్టరమ్మ అడిగినవాటికి జవాబులు అక్కవి కావు. నావి. డాక్టరమ్మ రాకముందే నేను చెప్పేశాను, రోజూ చెప్పినట్టు. అక్క అవే తిరిగి చెప్పింది. ట్రై తనదని అక్కకి తెలీదు. ఇప్పుడడిగితే కుడి పక్క నుంచి అంది. తప్పు నాది మేడమ్. అక్క స్థానంలో నన్ను వెయ్యకండి. పదకొండు మందితో ఆడండి."

కోచ్ మేడమ్ కలం మూత పెట్టేసింది. లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, డాక్టరమ్మ గది వైపు దాదాపు పరుగున వెళ్ళింది.

రెండో పరీక్షలో డాక్టరమ్మ స్కోరు సంగతి ఎత్తలేదు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంది. పదమూడు తలుపు బయట నిలబడి విన్నది. డిసెంబరు, నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు... అక్కడ ఆగి, మళ్ళీ నవంబరు. తన బస్సు దారిలో ముప్పై ఒక్క స్టాపుల పేర్లు అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ చెప్పగల మనిషి. తర్వాత కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నారు. ఏదో కుర్చీ దొర్లిన చప్పుడైంది. కాసేపటికి కాగితం మీద కలం గీరుకున్న చప్పుడు, అంతే.

తలుపు తెరుచుకుంది. కోచ్ మేడమ్ భుజం పట్టుకుని కెప్టెనక్క బయటికి వచ్చింది. పదమూడు ముందు ఆగింది. మొహంలోకి చూడలేదు, మెడ దగ్గర ఎక్కడో చూసింది.

"వెళ్ళి పరుగెత్తు," అంది. "ఇంక నీ నుంచి నాకేం వద్దు."

పదకొండు మందితో ఆడదామన్న మాటను కోచ్ మేడమ్ విననట్టే ఉండిపోయింది. పన్నెండో పేరుగా పదమూడు పేరు రాసింది. కెప్టెన్ లారీ.

ఆకుపచ్చ జెర్సీల జట్టుతో సెమీఫైనల్. జాతీయగీతానికి అందరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డారు. పదమూడు వరస చివర. ఆమె పక్కనున్న పిల్ల చెయ్యి వేసింది గానీ వేళ్ళు ఆనించలేదు. గుండెల మీద దేశం పేరున్న జెర్సీని, పైన నీళ్ళు మోసేవాళ్ళ బిబ్ తొడుక్కోకుండా, వేసుకోవడం అదే మొదటిసారి. ఎవరో అరువిచ్చిన బట్టలా ఒంటిని కొరుకుతోంది.

బల్ల మీద పదకొండు నిమిషాలు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. ముందుకి జరగండి అనే గొంతు లేక వరస మాటిమాటికీ తెగిపోయింది. పదిహేడు, పన్నెండు. ఆకుపచ్చదే పైచేయి. ఇంకా మూడు నిమిషాలుండగా కోచ్ మేడమ్ ఆమె వీపు తట్టింది.

ఆ మూడు నిమిషాల్లో మొదటి రెండూ ఆమెకు తర్వాతెప్పుడూ సరిగా గుర్తు రాలేదు. ఒకమ్మాయి నడుము పట్టుకుని పడేసింది. ఎవరిదో మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. చివరి నిమిషంలో మధ్య గీత దగ్గర లారీ నలుగురిని మీదేసుకుని పడుతూ బంతిని వెనక్కి అందించింది. అందుకున్నది పదమూడు. ముందు ఎవరూ లేరు. పొద్దుటి నుంచీ, నిన్నటి నుంచీ ఎటు వెళ్ళాలో తెలియక కొట్టుకున్న కాళ్ళకి ఒక్కసారిగా దారి దొరికింది. వెనక అడుగుల చప్పుడు దగ్గరైంది, దూరమైంది, మళ్ళీ దగ్గరైంది. గీతకి మూడడుగుల ముందు ఎవరో కాలి మడమ అందుకున్నారు. పడుతూ రెండు చేతులూ చాపింది. బంతి వేళ్ళ మీద నుంచి ముందుకి జారి, గీత అవతల దానంతట అది దొర్లింది.

విజిల్. ట్రై కాదు. ఇంకో విజిల్, ఆట అయిపోయింది.

గడ్డిలో మొహం పెట్టుకుని పడి ఉంటే లారీ వచ్చి జెర్సీ మెడ పట్టుకుని లేపింది. "లే," అంది. ఆ ఒక్క మాటే. అక్క అయితే పట్టుకునేది అని లారీ అనలేదు. ఎవరూ అనలేదు. అందరూ అదే అనుకుంటున్నారని పదమూడు అనుకుంది.

మూడో స్థానం కోసం మ్యాచ్ నాలుగున్నరకి. మళ్ళీ ఎదురుచూపు. మిగతావాళ్ళు గదిలోకి వెళ్ళారు. ఆమె వెళ్ళలేదు. డాక్టరమ్మ గది ముందు అటూ ఇటూ తిరిగింది. సెమీఫైనల్ జరుగుతుండగా కెప్టెనక్కకి రెండుసార్లు వాంతి అయిందని, సాయంత్రం స్కానింగ్‌కి పంపిస్తున్నారని జట్టు ఫిజియో చెప్పింది. చెప్పి, కావాలంటే రెండు నిమిషాలు లోపలికి వెళ్ళమంది.

కిటికీకి దుప్పటి కట్టి గదిని చీకటి చేశారు. కెప్టెనక్క వెల్లకిలా పడుకుని ఉంది. అడుగుల చప్పుడుకే ఎవరో పోల్చుకుంది.

"బంతి జారిందట కదా."

"ఊఁ."

"చేతులు చాపి ఉంటావు."

"చాపాను."

"చాపకూడదు. గుండెకి అదుముకుని, దాని మీదే పడాలి. పక్కటెముకలు విరిగినా సరే." దుప్పటి మెడ దాకా లాక్కుంది. "నా కోపం పోలేదు."

"సరే అక్కా."

"ఇప్పట్లో పోదు కూడా."

పదమూడు తలూపింది. చీకట్లో అది కనపడదని గుర్తొచ్చి మళ్ళీ సరే అంది. వెళ్ళమనలేదు గనక వెళ్ళలేదు. కూర్చోమనలేదు గనక ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది.

"మూడో స్థానం ఆట ఎన్నింటికి?" అంది కెప్టెనక్క.

"నాలుగున్నరకి."

"ఎవరితో?"

"నీలంవాళ్ళతో. పొద్దున మనతో ఆడినవాళ్ళే."

"వాళ్ళు ఎడమ అంచు వదిలేస్తారు. లారీకి చెప్పు."

"చెప్తాను."

బయట మైకులో ఎవరి పేర్లో పిలుస్తున్నారు. కెప్టెనక్క నుదుటి మీది తడి గుడ్డ తిప్పి వేసుకుంది. పదమూడు ఇక వెళ్దామని తలుపు వైపు తిరిగింది.

"మూడో స్థానం ఆట ఎన్నింటికే?"

పదమూడు ఆగింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంది.

"నాలుగున్నరకి అక్కా," అంది, మొదటిసారి చెప్పినట్టే.

కెప్టెనక్క నుదుటి మీది గుడ్డ తీసి, మోచేతి మీద కాస్త పైకి లేచి, చీకట్లో ఆమె మొహం వెతికింది.

"ఇందాకా అడిగానా?"

అబద్ధం చెప్పడం పదమూడుకి చేతకాలేదు. నిజం చెప్పడానికీ నోరు రాలేదు. అలా నిలబడింది.

కెప్టెనక్క మెల్లగా మళ్ళీ పడుకుంది. కప్పు వైపు చూస్తూ రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

"పాపకి ఫోన్ కలిపి నా చేతికియ్యి," అంది. "ఇచ్చి, వెళ్ళి ఆటకి కాళ్ళు వేడి చేసుకో."